వారం గడువు

గ్రేవెల్ పాయింట్,
సెప్టెంబరు, పొద్దున్నే.

నా వంటల తమ్ముడు రైమోకి,

డెట్రాయిట్ నదిలో తపాలా పడవ మీ ఓడ పక్కకి చేరినప్పుడు ఈ ఉత్తరం బకెట్టులో కూర్చుని నీ దగ్గరికి ఎక్కుతుంది. తాడు లాగేది ఆ బద్ధకస్తుడు మెర్విన్ అయితే కవరు తడిసే ఉంటుంది. తడిసినా చదువు. మొత్తం చదివాకే తిట్టు. మధ్యలో ఆపి తిడితే ఇక్కడ నా చెవి మోగుతుంది, తెలిసిపోతుంది.

సరస్సు మీద పొగమంచు పట్టుకుని కొన్నాళ్ళయింది. వంతెన కనిపించదు, ఖనిజం రేవు కనిపించదు, ఎదురింటి కుక్క మొరుగుతుంది గానీ కుక్క కనిపించదు. ఓడలకి దారి చెప్పే బూర మాత్రం తప్పిపోయిన ఆవులా అరుస్తూ ఉంటుంది. ఇలాంటి రోజుల్లో నాకు కలకీ మెలకువకీ మధ్య తలుపు సరిగ్గా మూసుకోదు. మళ్ళీ అదే కల. లూన్ క్రీక్ పార్కులో నేలకి అద్దె కట్టి నిలుపుకున్న మన చక్రాల ఇళ్ళన్నీ వరసగా కదిలి, రోడ్డు దాటి, ఒడ్డు దాటి, నీళ్ళ మీదికి వెళ్ళిపోతుంటాయి. మునగవు. కిటికీల్లో దీపాలు వెలుగుతుంటాయి. చివరి ఇంట్లో అమ్మ కాఫీ పెట్టుకుని ఏలకుల రొట్టె కోస్తూ ఉంటుంది. నేను ఒడ్డున నిలబడి "అమ్మా, ఇంకా వారం ఉందే, దిగవే!" అని అరుస్తాను. అమ్మ ఇటు తిరగదు. తిరగదు గానీ నవ్వుతోందని వీపు చూస్తేనే తెలుస్తుంది.

వారం అనే మాట మన ఇద్దరి మధ్య ఎలాంటిదో నాకు తెలుసు. పార్కు యజమాని భూమి అమ్ముకోవడానికి మనందర్నీ ఖాళీ చేయమని కోర్టుకెక్కినప్పుడు, లాయరుని కాకపోయినా అందరి తరపునా నిలబడి మాట్లాడింది నేను. కోర్టు నుంచి వచ్చి "ఓడిపోయాం, కానీ జడ్జి వారం గడువిచ్చింది, మెల్లగా సర్దుకోవచ్చు" అని అమ్మకి చెప్పింది కూడా నేనే. మర్నాడు పొద్దున షెరీఫ్ మనుషులు తెచ్చిన ఆర్డరులో "తక్షణమే" అని ఉంది. అమ్మ పిండి చేతులతో అలాగే బయటికొచ్చి నిలబడింది. ఇంట్లో ఒక్క పెట్టె కూడా సర్దలేదు, నా మాట నమ్మి. "చక్రాల మీద వచ్చినవి చక్రాల మీదే పోగలవు" అని రాసుంది ఆ ఆర్డరులో. ఏ చక్రాలు? మన ఇంటి చక్రాలు నువ్వు బడికి వెళ్ళే రోజుల్లోనే ఊడదీసి, వాటి టైర్లలో అమ్మ పూలు వేసింది! అంత పాత ఇంటిని వేరే ఏ పార్కువాడూ రానివ్వడని ఆ వాక్యం రాసిన వాళ్ళకి తెలియదా? యంత్రం వచ్చి, పూలతో సహా నలిపేసింది. నువ్వు హ్యూరన్ సరస్సు మీదున్నావు. ఫోనులో ఒక్కటే అడిగావు: "సరిగ్గా విన్నావా అక్కా?" తర్వాత ఎప్పుడూ అడగలేదు. అమ్మ పోయినప్పుడు కూడా. నువ్వు అడగకుండా ఊరుకున్న ప్రతిసారీ నాకు ఆ ప్రశ్న వినపడుతూనే ఉంది.

సరే, అసలు సంగతి. నీకు చెప్పకుండా నేనొక పని చేశాను. ఈ వయసులో లా చదువుతానంటేనే "ఇంక ఊళ్ళో ఎవరూ నీతో మాట్లాడలేరు" అన్నావు. ఇప్పుడు చదువు అయిపోవస్తోంది కదా, కోర్టుల్లో లా క్లర్కు ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టాను. నవ్వకు. ఫైళ్ళు మోసే గుమాస్తా కాదు. జడ్జి పక్కన కూర్చుని, కేసు చదివి, చట్టం వెతికి, తీర్పు రాయడంలో సాయం చేసే పని. ఒక ఏడాది, మహా అయితే రెండేళ్ళు. నా మనసంతా రాజధానిలోని అప్పీళ్ళ కోర్టు మీదే ఉంది. ఒకసారి చూసొచ్చాను. ఆకుపచ్చ తివాచీ, పొడుగు కిటికీలు, అడుగు చప్పుడు ఉండదు, నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంటుంది. అక్కడ ముగ్గురు జడ్జీలు నెలల తరబడి ఒక్క వాక్యం గురించి వాదించుకుంటారట. ఒక్క వాక్యం గురించి! మన బతుకుని ఊడ్చేసిన వాక్యాన్ని ఎవరూ ఒక్క నిమిషం కూడా చూడలేదే అని అక్కడ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చే మంగళవారం వాళ్ళు నన్ను మాట్లాడటానికి పిలిచారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మన జిల్లా కింది కోర్టుకి కూడా పెట్టాను. దరఖాస్తులో "జిల్లాలోని జడ్జీలందరికీ" అని ఒక గడి ఉంటే టిక్కు కొట్టేశాను. ఎలా రాస్తామో చూపించడానికి మన రాత నమూనా ఒకటి జతచేయాలి. అందులో మనుషుల పేర్లన్నీ నల్లసిరాతో కొట్టేయడం పద్ధతి. ఏది పంపాలని మా కాలేజీలో ఉద్యోగాల సలహాలు చెప్పే కుర్రాణ్ణి, ట్రెంట్‌ని, అడిగాను. "మీకు కోపమొచ్చిన విషయం మీదే మీరు బాగా రాస్తారు మిసెస్ కోర్పి, అదే పంపండి" అన్నాడు. పంపాను. లూన్ క్రీక్ ఆర్డరుని పేజీ పేజీనా చీల్చి చెండాడుతూ రాసిన వ్యాసం. పేర్లన్నీ శుభ్రంగా నల్లగా కొట్టి, ఆ టిక్కు పుణ్యమా అని, ఆ ఆర్డరు మీద సంతకం పెట్టిన జడ్జికే పంపాను.

నిన్న ఫోనొచ్చింది. "జడ్జి మార్గిట్ ట్వేట్ గారి ఆఫీసు నుంచండీ. మీ నమూనా చదివారు. గురువారం రాగలరా?"

ట్రెంట్ దగ్గరికి పరిగెత్తాను. వాడి మొహం పాలిపోయింది. "నల్లసిరా కొట్టారు కదండీ?" అన్నాడు.

"కొట్టాను నాయనా. నీ ఫోటోలో మొహానికి నల్లరంగు పూసి నీకే పంపిస్తే, నీ చొక్కా నువ్వు గుర్తుపట్టవా?"

"పోనీ వెళ్ళనని చెప్పేస్తే..." అన్నాను నేనే. వాడు నన్ను గుళ్ళో ఉమ్మేసినదాన్ని చూసినట్టు చూశాడు. జడ్జి పిలిస్తే వెళ్ళాలట. ఇస్తానంటే అక్కడికక్కడే ఔననాలట. ఆలోచించుకుని చెప్తాననడం ఉండదట. వద్దనుకునే జడ్జికి అసలు దరఖాస్తే పెట్టకూడదట.

"ఎక్కడ రాశారయ్యా ఇదంతా?"

"రాయలేదండీ. అందరికీ తెలుసు."

చూశావా? ఎక్కడా రాయకుండా అందరికీ తెలిసేవన్నీ ఎప్పుడూ పైవాళ్ళకే పనికొస్తాయి! గురువారం వెళ్తున్నాను.

నీ నోటి దురుసు అక్క,
ఐలి


గ్రేవెల్ పాయింట్,
గురువారం సాయంత్రం.

ఓడంత మౌనం ఉన్న నా తమ్ముడికి,

నేను సరిగ్గానే విన్నాను.

ముందు ఆ మాట రాసేశాను, మిగతాది నువ్వు ఎప్పుడు చదివినా ఫర్వాలేదు. సరిగ్గానే విన్నాను రైమో. ఆవిడ వారం అంది.

ఎలా జరిగిందో చెప్తాను. ఛాంబర్ పెద్దదేం కాదు. కిటికీ అవతల పొగమంచు తప్ప ఏం లేదు, గది మొత్తం మబ్బులో వేలాడుతున్నట్టుంది. ఇన్నేళ్ళుగా నేను తిట్టుకుంటూ వచ్చిన మనిషి నా తలలో చాలా పెద్దగా ఉండేది. కుర్చీలో చూస్తే నెరిసిన జడ, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు, బల్ల మీద సగం ఒలిచిన నారింజ. నారింజ పక్కనే నా వ్యాసం. ఒక నల్లగీత మీద వేలు పెట్టి, "ఇది నేనే కదా?" అంది.

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం! నువ్వుంటే డాక్టర్ని పిలిచేవాడివి.

"'ఈ న్యాయమూర్తి తాను సంతకం చేసినదాన్ని చదివారనడానికి ఎక్కడా ఆధారం కనిపించదు.' ఈ వాక్యం రాసినప్పుడు హాయిగా అనిపించిందా మిసెస్ కోర్పి?"

"చాలా హాయిగా."

"అనిపించే ఉంటుంది. వాక్యం బాగుంది. పైగా నిజం."

వ్యాసం అడుగున ఒక చిన్న గమనిక ఉంది. "బెంచి మీద నుంచి వారం గడువు చెప్పారని అక్కడున్నవాళ్ళు అంటారు, రికార్డులో కనిపించదు" అని. ఆధారం లేనిది తీసేయమని మా ప్రొఫెసరు పోరు పెట్టాడు. నేను తీయలేదు. ఆ గమనిక చదివి, ఆవిడ అప్పటిదాకా ఎవరూ టైపు చేయించని పాత స్టెనోగ్రాఫర్ నోట్సు తెప్పించిందట. అందులో ఉంది. ఆవిడ నోటి మాటే. "ఒక వారం ఇస్తున్నాను." ఆ కాగితం నా ముందుకి తోసింది. చదివాను. అక్షరాలు నీళ్ళలో ఉన్నట్టు ఊగాయి. బయట బూర అరిచింది. అమ్మ పిండి చేతులు దులుపుకుని, నా భుజం మీదుగా వంగి, తనూ చదువుతున్నట్టు అనిపించింది. ఏలకుల వాసన కూడా వచ్చింది. నారింజ వాసన అంటావేమో, కాదు.

నోటితో వారం అంటే కాగితంలో తక్షణం ఎలా అయిందంటావా? విను, ఇదీ ఈ దేశంలో న్యాయం తయారయ్యే వంటగది. కింది కోర్టులో గెలిచినవాళ్ళ లాయరే ఆర్డరు రాసుకొస్తాడు. జడ్జి సంతకం పెడుతుంది. పొద్దున్నే మొదలుపెడితే కేసు మీద కేసు, కాగితం మీద కాగితం. యజమాని లాయరు ప్రెంటిస్ కోల్ ముందే టైపు చేయించుకొచ్చిన ఆర్డరు చేతికిచ్చాడు. చక్రాల గురించిన వాక్యం వాడిదే. తక్షణం అన్న మాటా వాడిదే. ఇన్నేళ్ళూ నేను ద్వేషించిన వాక్యం ఆవిడ రాయనే లేదు, చదవనే లేదు! ఏది ఎక్కువ పాపం చెప్పు? రాయడమా, చదవకపోవడమా? ఆ గదిలోనే కూర్చుని నాలో నేను వాదించుకున్నాను, రెండు వైపులా నేనే ఓడిపోయాను.

"క్షమాపణ చెప్తున్నారా?" అని అడిగాను.

"లేదు. క్షమాపణ చెప్తే మీరు మర్యాదకైనా ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. నేను ఉద్యోగం ఇస్తున్నాను. నా నోట వచ్చినదానికీ నా చేతికొచ్చిన కాగితానికీ తేడా ఉంటే నా చెయ్యి పట్టుకు ఆపే మనిషి కావాలి నాకు. మిగతా దరఖాస్తుల్లో పిల్లలందరూ నన్ను పొగిడారు."

తర్వాత షరతులు. కార్మిక సంఘం పత్రికలో నా కాలమ్ ఆపేయాలి. ప్లకార్డు పట్టుకోకూడదు, మీటింగుల్లో మాట్లాడకూడదు, పిటిషన్ల మీద సంతకం పెట్టకూడదు. ఛాంబర్‌లో విన్నది ఎవరికీ చెప్పకూడదు, తోబుట్టువుకైనా సరే. జడ్జి దగ్గర పనిచేసేవాళ్ళందరికీ అదే రూలు.

"నోరు కట్టేసుకుంటే నేను చచ్చిపోతానండీ" అన్నాను.

"పెన్సిలు ఇస్తాను" అంది.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. ఔనని అనలేదు. ఆలోచించుకుని చెప్తానన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ సెక్రటరీ చేతిలో కప్పు ఒలికింది. ట్వేట్ ఒక నారింజ తొన నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "రేపు సాయంత్రం దాకా" అంది.

మంగళవారం అప్పీళ్ళ కోర్టు. ఆకుపచ్చ తివాచీ. అక్కడైతే నా మీద ఎవరి నీడా ఉండదు. అందమైన వాక్యాలు రాస్తాను, పుస్తకాల్లోకి ఎక్కుతాయి, రాష్ట్రమంతా వాటిని పాటించాలి. మా క్లాసు పిల్లలు కింది కోర్టంటే ముక్కు చిట్లిస్తారు, మేడ ఎక్కలేనివాళ్ళు కూర్చునే అరుగులా చూస్తారు. కానీ ఒక్కటి చెప్పు. లూన్ క్రీక్ నుంచి ఎవరైనా అప్పీలుకి వెళ్ళారా? ఇల్లు నలిగిపోయాక దేని మీద అప్పీలు? పైకి వెళ్ళేది కాగితం. మనుషులు కిందే ఉంటారు, కోటు కూడా విప్పకుండా, పనికి ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటూ. నేను పై కోర్టు గురించి కల కన్నది న్యాయం కోసమా, ఆ నిశ్శబ్దం కోసమా? అరిచి అరిచి అలిసిపోయి, అడుగు చప్పుడు లేని చోట కాసేపు నడవాలనుకున్నానా?

కానీ ఆ మనిషి కింద పనిచేయడం! ఆవిడ "కాఫీ తీసుకుంటారా" అంటే ఆ కాఫీ ఎలా మింగాలి? అమ్మ అడుగుతుందేమో, ఎవరింట్లో తాగుతున్నావే అని.

నువ్వేం అంటావో తెలుసుకోవాలనుంది. రేపు సాయంత్రం లోపల ఈ ఉత్తరం నీకు అందదని కూడా తెలుసు. అందదనే రాస్తున్నానేమో. నువ్వు వద్దంటావన్న భయంతో.

ఏం చెప్పినా, ఏం చెప్పకపోయినా, నీ అక్కే,
ఐలి


ఓడ ఎల్లెన్ హార్ట్‌విక్,
ఈరీ సరస్సు మీద.

ఐలి అక్కకి,

నేను నీలాగా రాయలేను. ఉల్లిపాయలు తరుగుతూ చదివాను, కాబట్టి కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

నువ్వు సరిగ్గా విన్నావు. నేను అడగకూడనిది అడిగాను, అడిగాక నీకు జవాబు చెప్పే చోటు లేకుండా చేశాను. ఇంతే రాయగలను.

కానీ ఆవిడ దగ్గర పనా? వద్దక్కా. ఒప్పుకుంది కాబట్టి మంచిదైపోయిందా? ఒప్పుకోవడం ఆవిడకి తేలిక. నారింజపండు తింటూ ఒప్పుకుంది. అమ్మ లాండ్రీ పైన ఆ అద్దె గదిలో కిటికీ దగ్గర కూర్చుని పూల టైర్ల గురించి అడిగేది. నువ్వు బయటికెళ్ళినప్పుడు నన్ను అడిగేది. "ఐలికి చెప్పకు, బాధపడుతుంది" అనేది. ఆ బాధ ఆవిడెప్పుడైనా పడిందా? నువ్వు ఆవిడకి కావాల్సొచ్చింది ఎందుకో తెలుసా? నీ మొహం రోజూ చూస్తే తనని తను క్షమించుకోవచ్చని. మన అమ్మ చావుని ఆవిడ తలనొప్పికి మాత్రగా ఇవ్వకు.

ఇది నీకు అందేసరికి నువ్వేదో ఒకటి చెప్పేసే ఉంటావు. నిన్ను నాకు తెలుసు. ఔనని చెప్పుంటే మాత్రం ఓడ మన ఊరి కాలువలోకి వచ్చినప్పుడు, ఎప్పట్లా చెయ్యి ఊపడానికి కాలువ గోడ మీద నిలబడకు. నేను బయటికి రాను.

రైమో


గ్రేవెల్ పాయింట్,
మరుసటి ఏడాది, అక్టోబరు.

నా ఉత్తరాలు బకెట్టులోంచి తీసుకుని జవాబివ్వని తమ్ముడికి,

ఔననే చెప్పానని నీకు తెలుసు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసి చెప్పాను. తర్వాత అప్పీళ్ళ కోర్టుకి ఫోను చేసి, ఇంక రాలేనన్నాను. "ఎక్కడ కుదిరింది?" అని అడిగారు అక్కడి సెక్రటరీ. కింది కోర్టులో అన్నాను. "అయ్యో" అన్నారు, పాపం, మంచి మనసుతోనే. ఫోను పెట్టేశాక ఆకుపచ్చ తివాచీ నా కాళ్ళ కింది నుంచి జారిపోతున్నట్టు చాలాసేపు కుర్చీలోనే కూర్చున్నాను.

నీ ఉత్తరం తర్వాత అందింది. నువ్వన్నది తప్పని నేను ఈరోజుకీ అనలేను. ఆవిడ నన్ను మాత్రలా మింగుతోందేమో. అయితే మింగనీ, నేను చేదుగా ఉండే మాత్రని. అమ్మ పూల టైర్ల గురించి అడిగేదని నాకు తెలియదు. నువ్వు రాసిన వాటిల్లో దానికే ఎక్కువ ఏడ్చాను.

కాలువ గోడ మీద నిలబడవద్దన్నావు, నిలబడ్డాను. చిన్నప్పటి నుంచీ నీ మాట నేనెప్పుడు విన్నాను గనక! వసంతంలో మీ ఓడ మొదటిసారి వచ్చినప్పుడు, ఎండాకాలంలో వచ్చినప్పుడల్లా కూడా. మునుపు నువ్వు ఎప్రాను కట్టుకుని డెక్కు మీదికొచ్చి, గరిటెతో మూకుడు వాయించేవాడివి, ఒడ్డున టూరిస్టులు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు వంటగది కిటికీలో దీపం ఒకటే కనిపించేది, అది మెల్లగా జరిగి వెళ్ళిపోయేది. నా కలలోని ఇళ్ళలాగే. నేను చెయ్యి ఊపేదాన్ని. ఓడకి ఊపానో, దీపానికి ఊపానో.

ఆగస్టులో పనిలో చేరాను. లోపల ఏం జరుగుతుందో అడక్కు, చెప్పను, నోరు కుట్టేసుకున్నాను. పత్రికలో నా కాలమ్ చోట ఎవరో చేపల కూరలు రాస్తున్నారు, జనం నాకన్నా వాటినే ఇష్టంగా చదువుతున్నారట. ఊళ్ళో రేవు కార్మికులు ఊరేగింపు తీస్తే కిటికీలోంచి చూశాను. "ఐలీ, గొంతు పోయిందా ఏంటి?" అని కింద నుంచి ఒకడు అరిచాడు. పళ్ళు బిగబట్టి పెన్సిలు చెక్కుకున్నాను. కానీ కోర్టు హాల్లో జరిగింది చెప్పొచ్చు. అది అందరి ముందూ జరుగుతుంది, తలుపు తెరిచే ఉంటుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నువ్వే వచ్చి కూర్చున్నావనుకో. నువ్వు చూసుండేది మాత్రం చెప్తాను.

ఇళ్ళు ఖాళీ చేయించే కేసుల పొద్దు. బయట మళ్ళీ పొగమంచు. హాల్లో దీపాలన్నీ వేసినా మసగ్గానే ఉంది, బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నిద్రలో నడిచొచ్చినట్టున్నారు. రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ, పేరు జెరాల్డీన్ ఫోస్, షిఫ్టు అవగానే తిన్నగా వచ్చింది. జుట్టులో పిండి అలాగే ఉంది. నాకు ఆ పిండి తప్ప ఇంకేం కనిపించలేదు కాసేపు. అవతల ప్రెంటిస్ కోల్. అదే కోలు, జుట్టు నెరిసింది, బూట్లు మాత్రం ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. మన పార్కులో అన్ని కుటుంబాల బతుకు మార్చినవాడికి నా మొహం గుర్తులేదు. వాడికి గుర్తుండాల్సిన అవసరమే రాలేదు, అదే కదా వాళ్ళ సుఖం!

చట్టం జెరాల్డీన్ వైపు లేదు. అబద్ధం చెప్పను. నేను వెతకాల్సినంత వెతికాను. ఓడిపోయింది. తల ఊపింది, ఎవరో టైము చెప్తే ఊపినట్టు. జడ్జి అద్దాలు తీసి, ఆవిడ వైపు చూసి, "వారం ఇస్తున్నాను మిసెస్ ఫోస్, సర్దుకోండి" అంది. కోలు లేచి, ముందే టైపు చేయించుకొచ్చిన కాగితం పైకి అందించాడు. జడ్జి కలం తీసింది. కాగితం మీదికి కలం వచ్చింది. ఆగింది. ఆవిడ తల తిప్పకుండా ఆ కాగితాన్ని పక్కకి, నా వైపు, జరిపింది.

చదివాను రైమో. మెల్లగా చదివాను. హాలంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంది. ఆకుపచ్చ తివాచీ ఏం లేదు, అరిగిన చెక్క నేల, తడిసిన కోట్ల వాసన. రెండో పేజీ అడుగున ఉంది. తక్షణమే. నాకు వాణ్ణి పేరు పెట్టి పిలిచి, బల్లెక్కి, ఊరంతా వినపడేలా అరవాలనిపించింది. నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత చిన్న పని ఎప్పుడూ చేయలేదు. పెన్సిలుతో ఆ మాట చుట్టూ ఒక సున్నా చుట్టి, కాగితం వెనక్కి జరిపాను.

జడ్జి చూసింది. "మిస్టర్ కోల్, నేను వారం అన్నాను."

కోలు నవ్వాడు, ఇబ్బందేం లేకుండా. "క్షమించాలి జడ్జి గారూ. పాత నమూనా మీద టైపు చేశారు మా ఆఫీసులో."

"అవును" అంది ఆవిడ. "పాత నమూనాయే. నాకు గుర్తుంది."

ఆ మాటతో వాడి నవ్వు సగంలో ఆగింది. అప్పుడు నా వైపు చూశాడు, ఈసారి సరిగ్గా. జడ్జి ఆ మాట కొట్టేసి, పైన తన చేత్తో వారం అని రాసి, సంతకం పెట్టింది. పేరు మొత్తం పెట్టింది. నేను ఆవిణ్ణి క్షమించలేదు, నీకు తెలియాలని చెప్తున్నాను. పాత నమూనా అంటే ఏంటి? మనకి ముందూ, మన తర్వాతా, ఎన్ని కుటుంబాలు? ఇంట్లో పెట్టెలు సర్దకుండా, ఎవరి మాటో నమ్మి, ఎందరు తల్లులు పిండి చేతులతో బయటికొచ్చారు? ఎంతమందిని వాళ్ళ తమ్ముళ్ళు "సరిగ్గా విన్నావా" అని అడిగారు? ఈ రాష్ట్రంలో ఏ పై కోర్టూ ఆ సున్నా చుట్టలేదు, చుట్టే వీలూ లేదు. అది అక్కడిదాకా వెళ్ళదు.

జెరాల్డీన్ బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. నా వైపు చూడలేదు. నేనెవరో ఆవిడకి తెలియదు. ఏం జరిగిందో కూడా తెలియదు. ఒక వారం, అంతే. పెట్టెలు సర్దుకోవడానికి, పూలకుండీలు ఎవరికైనా ఇవ్వడానికి, గోడ మీది ఫోటోలు మెల్లగా దించుకోవడానికి. నేను ఇన్నేళ్ళ కోపంతో గెలిచింది ఆ వారమే. మనకి రావలసిన వారం, వేరేవాళ్ళకి ముట్టింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి కోటుతోనే కునుకు తీశాను. ఇళ్ళు వచ్చాయి. నీళ్ళ మీద కదలకుండా నిలబడి ఉన్నాయి. అమ్మ ఇటు తిరిగింది. ఏమీ అనలేదు. రొట్టె ముక్క ఒకటి కిటికీ గట్టు మీద పెట్టింది, చల్లారాక తినమన్నట్టు.

శనివారం పొద్దున మీ ఓడ కాలువలోకి వస్తుందని రేవులో చెప్పారు. నేను ఉంటాను. నువ్వు బయటికి రాకపోయినా చెయ్యి ఊపుతాను. దీపానికైనా.

నీ నోరు కట్టుకున్న అక్క,
ఐలి


ఓడ ఎల్లెన్ హార్ట్‌విక్,
రేవు దాటాక.

అక్కా,

బకెట్టు శుక్రవారం కన్నా ముందే వచ్చింది. మెర్విన్ తడపలేదు.

శనివారం ఎంత పొగమంచు పట్టిందంటే నా చెయ్యి నాకే కనపడలేదు. కాలువ గోడ ఎటుందో కూడా తెలియలేదు. అయినా ఎప్రాను కట్టుకుని డెక్కు మీదికొచ్చాను. పెద్ద మూకుడు తీసుకొచ్చాను, ఇనపది. లోపల వంట మాడిపోతోందని కెప్టెను అరుస్తున్నా, వంతెన కింద నుంచి రేవు దాకా వాయిస్తూనే ఉన్నాను.

వినపడిందా?

రైమో